నిషేధించి ఇన్నేళ్లయినా ఓజోన్‌ రంధ్రం ఎందుకు పూడలేదు?

ప్రశ్న: ఓజోన్‌ను దెబ్బతీశాయని నిషేధించిన, ఒకప్పుడు ఫ్రిజ్‌లలో, ఏసీల్లో, స్ప్రేల్లో వాడిన సీఎఫ్‌సీ (క్లోరోఫ్లోరోకార్బన్) వాయువులు గాలి కంటే నాలుగైదు రెట్లు బరువంటారు, మరి అంత ఎత్తుకు ఎలా వెళ్లాయి? వాటిని ఎక్కువగా వాడింది ఉత్తరార్ధగోళం వాళ్లయితే రంధ్రం ఎక్కడో అంటార్కిటికా మీద పడటమేంటి? నిషేధించి చాలా ఏళ్లయినా ఇంకా రంధ్రం వార్తలు వస్తూనే ఉన్నాయి. అంటే నిషేధం పనిచేయలేదనేగా?

జవాబు: పనిచేసింది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ అనుమానం చాలామందిలో ఉంది, అది తప్పు.

బరువు సంగతి చూద్దాం. బరువైన వాయువు అడుక్కి చేరాలంటే గాలి కదలకుండా ఉండాలి. అలా ఎక్కడుంటుంది? సుమారు 100 కిలోమీటర్ల ఎత్తు వరకూ వాయువులన్నీ కలిసిపోతూనే ఉంటాయి. బరువును బట్టి పొరలుగా సర్దుకునేట్టయితే నైట్రోజన్ కంటే బరువైన ఆర్గాన్ మన కాళ్ల దగ్గరే పేరుకుపోయి ఉండేది. పైగా సీఎఫ్‌సీలు వానకు కరగవు, కింది గాలిలో దేనితోనూ కలవవు. అందుకే ఏళ్ల తరబడి తిరుగుతూ రెండు అర్ధగోళాలకూ పాకి, చివరికి ఓజోన్ ఎక్కువగా ఉండే పై పొర స్ట్రాటోస్ఫియర్‌కి చేరతాయి. అక్కడి అతినీలలోహిత కిరణాలు తగిలాక గానీ విరగవు, విరిగితే క్లోరిన్ బయటపడుతుంది. మోలినా, రోలాండ్ అనే రసాయన శాస్త్రవేత్తలు 1974లోనే ఈ సంగతి చెప్పారు.

ఆ క్లోరిన్ పరమాణువు ఏం చేస్తుందంటే, ఓజోన్‌లోని మూడు ఆక్సిజన్లలో ఒకదాన్ని లాక్కుంటుంది, కాసేపటికి దాన్ని వదిలేసి మళ్లీ మొదటిలాగే ఒంటరిగా మిగులుతుంది, ఇంకో ఓజోన్ మీద పడుతుంది. తను మాత్రం అరగదు. ఇలా ఒక్క పరమాణువు లక్ష ఓజోన్ అణువుల దాకా నాశనం చేయగలదు. మరి మనకున్న ఓజోన్ ఎంత? తల మీదున్నదంతా కిందికి దించి నేల మట్టం దగ్గరి పీడనంలో పరిస్తే సుమారు 3 మిల్లీమీటర్ల మందం, అంతే! దాన్నే 300 డాబ్సన్ యూనిట్లంటారు. 220 కంటే తగ్గిన చోటును రంధ్రం అంటున్నాం, అంతేగాని నిజంగా చిల్లు పడలేదు.

ఇక అంటార్కిటికా. మామూలుగా క్లోరిన్‌లో ఎక్కువ భాగం ఓజోన్ జోలికి పోని రెండు సమ్మేళనాల్లో బందీగా ఉంటుంది. కానీ అక్కడి చలికాలంలో నెలల తరబడి చీకటి, ఖండం చుట్టూ సుడిగాలి కంచె, లోపల మైనస్ 78 డిగ్రీల కంటే తక్కువ చలి, ఆ చలికి స్ట్రాటోస్ఫియర్‌లోనే సన్నటి మేఘాలు. ఆ మేఘ కణాల మీద బందీ క్లోరిన్ విడుదలై, సూర్యుడి కోసం కాచుకుని ఉంటుంది. సెప్టెంబరులో ఎండ రాగానే మొదలెడుతుంది, కొన్ని వారాల్లోనే 14 నుంచి 20 కిలోమీటర్ల మధ్య ఓజోన్ దాదాపు తుడిచిపెట్టుకుపోతుంది. ఈ మేఘాల సంగతి తేల్చడంలో శాస్త్రవేత్త సూసన్ సాలమన్‌ది పెద్ద పాత్ర, 1986లో అక్కడికి వెళ్లి కొలతలు తీసిన బృందాన్ని నడిపింది ఆవిడే. ఆర్కిటిక్‌లో సుడిగాలి అంత గట్టిగా నిలవదు, చలీ అంత ఉండదు. అయినా 2011లో, 2020లో అక్కడా బాగానే దెబ్బ తగిలింది.

అసలు రంధ్రం సంగతి ప్రపంచానికి చెప్పింది ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తలు, 1985లో, అంటార్కిటికాలోని హాలీ బే పరిశోధన కేంద్రం నుంచి ఏళ్ల తరబడి ఓపిగ్గా తీసిన కొలతలతో. రెండేళ్లకే, 1987 సెప్టెంబరు 16న, సీఎఫ్‌సీల్లాంటి వాయువులకు కళ్లెం వేసే మాంట్రియల్ ఒప్పందం మీద సంతకాలయ్యాయి. తర్వాత ప్రపంచంలోని దేశాలన్నీ దాన్లో చేరాయి. ఇది ఎంత అరుదైన విషయమో తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మరి రంధ్రం ఎందుకు పోలేదు? సీఎఫ్‌సీ-11 గాలిలో దాదాపు 50 ఏళ్లు, సీఎఫ్‌సీ-12 దాదాపు 100 ఏళ్లు ఉంటుంది. కుళాయి కట్టేశాం, తొట్టి ఖాళీ కావడానికే టైం పడుతోంది. పాత ఇన్సులేషన్ ఫోమ్ నుంచి ఇంకా కొంత కారుతూనే ఉంది. 2018లో అయితే సీఎఫ్‌సీ-11 తగ్గాల్సినంత తగ్గట్లేదని కొలతల్లో బయటపడింది, కొత్తగా వెలువడుతున్నదాంట్లో పెద్ద వాటా తూర్పు చైనా నుంచేనని తేలింది, తర్వాత మళ్లీ తగ్గింది. 2022 నాటి అంచనా ప్రకారం ఓజోన్ మళ్లీ 1980 నాటి, అంటే ఇంత దెబ్బ తగలక ముందటి స్థాయికి చేరేది అంటార్కిటికాలో సుమారు 2066కి, ఆర్కిటిక్‌లో 2045కి, మిగతా చోట్ల 2040కి.

ఒక్క ఏడాది వార్త చూసి మాత్రం కంగారుపడకండి. 2019లో స్ట్రాటోస్ఫియర్ ఉన్నట్టుండి వేడెక్కి రంధ్రం బాగా చిన్నదైంది, మరుసటి ఏడే పెద్దదై చాలా రోజులు నిలిచింది. ఆ ఒక్క ఏడాదిలో క్లోరిన్ ఏమీ పెరిగిపోలేదు, మారింది అక్కడి చలి.