దూడల డీఎన్ఏ పరీక్షకు డబ్బు పెట్టొచ్చా?

మీరడిగింది ఇదీ: ఏడెనిమిది హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవులున్నాయి, పెయ్య దూడలకు డీఎన్ఏ పరీక్ష చేయిస్తే ఏది బాగా పాలిస్తుందో ముందే తెలిసిపోతుందంటున్నారు, చేయించమంటారా అని. అన్నిటికీ వద్దండి. ఆ డబ్బు ముందు మంచి ఆబోతు వీర్యం మీద పెట్టండి, పాలు కొలిచి రాయడం మొదలుపెట్టండి. నేను కొన్నేళ్లు పాల నమోదు పనిలో ఊళ్లు తిరిగాను, డీఎన్ఏ కోసం నమూనాలూ తీశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

డీఎన్ఏలో ఒక ఆవుకూ ఇంకో ఆవుకూ ఒక్క అక్షరం తేడా ఉండే చోట్లనే మార్కర్లంటారు. వాటిని వేల సంఖ్యలో ఒకేసారి చదివేది చిప్. డీగాట్1 లాంటి జన్యువు ఒక్కటే వెన్న శాతాన్ని బాగా కదిలిస్తుంది కానీ, అలాంటివి అరుదు. పాల దిగుబడి వేల చోట్ల నుంచి తలా కాస్త వచ్చి కూడుతుంది. ఏ మార్కరు వాటా ఎంతో తేలాలంటే వేలాది ఆవుల డీఎన్ఏ, అవే ఆవుల పాల లెక్క రెండూ కావాలి. అమెరికాలో 2009 జనవరిలో హోల్‌స్టీన్లకు ఇలా మార్కర్లతో పశువు సత్తా లెక్కగట్టడం అధికారికంగా మొదలైంది. వాళ్ల దగ్గర అప్పటికే దశాబ్దాల పాల లెక్కలున్నాయి. ఆబోతు సత్తా తేలడానికి దాని కూతుళ్లు ఈని పాలిచ్చేదాకా ఏళ్ల తరబడి ఆగే పని అలా తప్పింది.

ఆ లెక్కలు తెచ్చి మన ఆవులకు పెడితే కుదరదు. మార్కరు ఏ జన్యువును అంటిపెట్టుకుని వస్తుందన్నది జాతిని బట్టి మారుతుంది. మన ఎండ, మన మేత సరే సరి. హైదరాబాద్‌లోని జాతీయ పశు బయోటెక్నాలజీ సంస్థ (ఎన్ఐఏబీ) 2021లో దేశీ జాతుల కోసం ఇండిగౌ చిప్ తెచ్చింది. 2024 అక్టోబరులో ఆవులకు గౌ చిప్, గేదెలకు మహిష్ చిప్ విడుదలయ్యాయి. చాలా సంతోషం. కానీ వాటికి జతచేయాల్సిన పాల లెక్కే మన ఊళ్లలో ఇంకా పలుచన.

ఆ లెక్క ఊరికే రాదు. నెలకోసారి రెండు పూటలా ఆవు పక్కన నిలబడాలి. దూడను వదిలి, ఆవు చేపాక దూడను పక్కకు కట్టి, పితికిన పాలు అక్కడికక్కడే కొలిచి రాయాలి. ఒక చన్ను దూడకు వదిలే ఇళ్లలో ఆ సంగతీ రాసుకోవాలి. ఒక కొట్టంలో అందరూ మెచ్చుకునే నల్లావు ఈనిన కొత్తలో బిందె నింపేది, నాలుగో నెలకు సగానికి పడిపోయేది. పక్కనే జెర్సీ సంకరం ఎర్రావు ఎప్పుడూ ఒక మోస్తరుగానే ఇచ్చేది, కానీ చూడి కట్టాక కూడా తగ్గలేదు. ఆ ఈతలో ఇచ్చిన పాలన్నీ కూడితే ఎర్రావే ముందుంది. అప్పటికి దాని పెయ్యను బేరం పెట్టేశారు. లెక్క చూశాకే ఆ ఇంటావిడ బేరం మానిపించింది.

మీరు చేయాల్సినవి: ఆవు కట్టడానికి వీర్యం సూది వేయించిన ప్రతిసారీ స్ట్రా (వీర్యం గొట్టం) మీది ఆబోతు నంబరు రాసుకోండి, దాని జన్యు విలువ, అంటే కూతుళ్లకు పాల సత్తా ఎంత ఇస్తుందన్న అంచనా, ఎంతో ఆ సూది వేసే గోపాలమిత్రను అడగండి. తండ్రి నంబరు తెలిస్తే అదే వీర్యం కూతురికి పడకుండా చూసుకోవచ్చు. ప్రతి పశువుకూ 12 అంకెల చెవి ట్యాగు ఉండాలి. బ్లాడ్ (BLAD, దూడల్లో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే జబ్బు) లాంటి వారసత్వ జబ్బులను ఒక్క మార్కరుతోనే కచ్చితంగా పట్టొచ్చు, ఆ పరీక్ష అయిన ఆబోతు వీర్యమే వాడండి. ఏ2 పరీక్ష అంటారా, అది పాలలోని ఒక ప్రొటీన్ రకం చెబుతుంది, ఎన్ని లీటర్లో చెప్పదు.

సాకగలిగినదానికంటే ఎక్కువ పెయ్యలు పుట్టి, ఏది ఉంచుకోవాలో తేలనప్పుడు మాత్రం చిప్ పరీక్ష గురించి ఆలోచించండి. అప్పుడైనా డబ్బు కట్టే ముందు ఒకటి అడగండి: ఈ విలువ ఏ జాతి, ఏ దేశం ఆవుల పాల లెక్కతో కట్టారని. సంకర ఆవులు, మన దేశం అని కాగితం మీద చూపించలేకపోతే ఆ పరీక్ష మీకు వద్దు.