నీ హీరో కత్తి కడగలేదు

అబ్బాయ్,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి మామూలుగా, రెండోసారి కోపంగా. పదకొండో పేజీలో నీ హీరో జింక పొట్ట కోసి, లోపలిదంతా బయటికి లాగి, మడతకత్తిని గడ్డికి అటూ ఇటూ తుడిచి, టక్కున మూసి జేబులో వేసుకున్నాడు. అక్కడే ఆగిపోయాను. ఆ పని చేసినవాడు అలా రాయడు. రాసినా, వారం తర్వాత ఆ జేబు ఎలా కంపు కొట్టిందో కూడా రాస్తాడు.

నాకెలా తెలుసంటావా, నేనూ అదే వెధవపని చేశాను. 1998, పెన్సిల్వేనియా. అప్పట్లో అక్కడ తుపాకితో జింకల వేట సీజను థాంక్స్‌గివింగ్ తర్వాత సోమవారం మొదలయ్యేది, చాలా బళ్ళకి ఆ రోజు సెలవు కూడా. పక్కింటి పెద్దాయన నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, తన పాత బక్ 110 మడతకత్తి చేతిలో పెట్టాడు. ఇత్తడి కొసలు, చెక్క పిడి, జేబులో వేసుకుంటే ప్యాంటు జారేంత బరువు. పనయ్యాక మంచుతో రుద్దాను, తళతళలాడింది, మూసి కోటు జేబులో పడేశాను. వారం పోయాక తీసి ఏదో కొమ్మ చెక్కుతుంటే బ్లేడు వచ్చి నా వేలి మీద మూసుకుంది. నాలుగు కుట్లు. పెద్దాయన కత్తిని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూపించాడు. ఆ రకం కత్తి తెరవగానే వెనకున్న ఉక్కు పలక కొస బ్లేడు మొదట్లో ఉన్న గాడిలో పడాలి, అదే తాళం. ఆ గాడి నిండా ఎండిపోయిన కొవ్వు, అందులో రెండు వెంట్రుకలు. పలక సగమే దిగింది. పైకి మాత్రం కత్తి శుభ్రంగానే ఉంది మరి!

అందుకే చెబుతున్నా, చంపడం ఎవడైనా రాస్తాడు, సినిమాలు చూసి కూడా రాయొచ్చు. నువ్వు కడగడం రాయి. ఈ మాట ఇరవై ఏళ్ళుగా అందరికీ చెబుతున్నాను, ఎవరూ వినరు. నా మొదటి వేట కథలో సింకు దగ్గర కత్తి కడిగే పేరా పేజీన్నర రాశాను. ఒక వారపత్రిక ఎడిటరుగారు అది మొత్తం కొట్టేసి, పై పేరాలో ‘రక్తం సంధ్యారాగంలా పరుచుకుంది’ అని ఒక వాక్యం చేర్చి అచ్చువేశారు. నాది కాని ఆ సంధ్యారాగాన్ని మెచ్చుకుంటూ నాకు ఉత్తరాలు వచ్చాయి. నీ కథలోనూ రక్తం ‘మందారంలా’ ఉంది. తీసెయ్. జింక పొట్టలో చెయ్యి పెట్టినవాడికి ముందు తెలిసేది రంగు కాదు, వేడి. చలిలో అయితే ఆవిరి లేస్తుంది.

ఇంకోటి, ‘అంతర్గత అవయవాలు’ అని మూడుసార్లు వాడావు. మీ అమ్మగారు ఆదివారం మటన్ కొట్టు దగ్గర నిలబడి ‘అంతర్గత అవయవాలు అరకిలో కొట్టు’ అంటారా? కార్జం, గుండెకాయ, బోటీ, పేగులు, అన్నీ మనకున్నాయి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఇప్పుడు మన దగ్గర వేట లేదు, ఉండకూడదు కూడా, కానీ మాటలు ఎక్కడికీ పోలేదు, మేకని కోసేవాళ్ళ దగ్గర ఉన్నాయి. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు ఒక పొద్దున వాళ్ళ దగ్గర నిలబడి విను, నోట్సు రాసుకోకు.

పొట్ట కోసేటప్పుడు నీ హీరో కత్తిని ‘కసుక్కున దించాడు’. దించితే లోపల పొట్టసంచి చిల్లుపడి, పచ్చి గడ్డిరసం మాంసం మీదంతా కారుతుంది, ఆ వాసన నువ్వు ఏ మసాలాతోనూ దాచలేవు. పక్కటెముకలు కలిసే చోటికి కింద చర్మం చిటికెడు లేపి చిన్న గాటు పెట్టాలి, అందులోకి ఎడమచేతి రెండు వేళ్ళు దూర్చి, వాటి మధ్య కత్తి మొన ఉంచి, పదును పైకి తిప్పి, జిప్పు తీసినట్టు తోక వైపు పోవాలి. వేళ్ళు పేగుల్ని కిందికి నొక్కి ఉంచుతాయి. తర్వాత ఛాతీకీ పొట్టకీ మధ్య పొరని చుట్టూ కోసి, మోచేతిదాకా చెయ్యి లోపలికి పోనిచ్చి, గొంతు గొట్టాన్ని తడుముకుంటూ కోయాలి. కంటికి ఏమీ కనబడదు. చేతిలో జారుతున్న కత్తి, దాని తాళం మీద నీకు నమ్మకం. టెన్షన్ అక్కడ ఉందయ్యా, నువ్వేమో ఒక్క వాక్యంలో దాటేశావు.

నువ్వు దాటేశాక నీ హీరో జింకని పక్కన పెట్టుకుని రెండు పేజీలు నాన్నని తలుచుకున్నాడు. నీ కథ జరిగేది టెక్సాస్‌లో. అక్కడ నవంబరు మొదటి శనివారం సీజను మొదలు, ఎండ 80 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండొచ్చు. నాన్న జ్ఞాపకాలు అయ్యేసరికి కూర కూడా అయిపోతుంది. జింక పడిన వెంటనే వేట లైసెన్సు కాగితంలోంచి ట్యాగు, అంటే చంపిన జింకకి తగిలించే చీటీ, తీసి, దాని మీద నెల, తేదీ ఉన్న గళ్ళు కోసెయ్యాలి, అది అక్కడి రూలు. అంటే ఆ కత్తి ముందు కోసేది కాగితాన్ని. వణికే చేత్తో ఆ చిన్న గడి కోస్తున్నప్పుడు నాన్న గుర్తొస్తే నేను నమ్ముతాను.

ఇక సింకు. ఆ రాత్రి భార్య వచ్చి ‘ఏంటీ వాసన’ అంటే ఇతను కొళాయి ఇంకాస్త తిప్పుతాడు చూడు, అది బాగుంది. కానీ తర్వాత ‘కత్తి కడిగాడు’ అని వదిలేశావు. ఎలా కడిగాడు? ముందు చన్నీళ్ళు, వేడినీళ్ళు పోస్తే రక్తం పట్టేస్తుంది, బట్టలు ఉతికే ఏ ఆడమనిషినడిగినా చెబుతుంది. తర్వాత గోరువెచ్చటి నీళ్ళలో గిన్నెల సబ్బు, పాత టూత్‌బ్రష్, కత్తిని తెరుస్తూ మూస్తూ కీలు లోపల రుద్దాలి. గాడిలోకి పంటిపుల్ల. చెక్క పిడిని నానబెట్టకూడదు. టెక్సాస్‌లో 2012 నుంచీ జింకలకి సీడబ్ల్యూడీ అనే మెదడు జబ్బు కనబడుతోంది, ఆ మాట కథలో ఎక్కడా లేదు. దాన్ని తెచ్చేది మరిగించినా పోదు. ఇంటి బ్లీచ్ రెండు పాళ్ళు, నీళ్ళు మూడు పాళ్ళు, అయిదు నిమిషాలు ఉంచాలి, కానీ సందులో కండముక్క మిగిలితే బ్లీచ్ దాని లోపలికి పోదు, అందుకే ముందు పంటిపుల్ల. తర్వాత బ్లీచ్ పూర్తిగా కడిగెయ్యాలి, ఉక్కుని తినేస్తుంది. ఆరబెట్టి, కీలులో ఒక్క చుక్క మినరల్ ఆయిల్. వంటనూనె వెయ్యకు, జిగురైపోతుంది. ఇదంతా భార్య చూస్తూ నిలబడితే, చివరికి ‘ఆ బ్రష్ నాది కాదు కదా’ అంటే, నీకు నాన్న గురించి ఆ రెండు పేజీలూ అక్కర్లేదు.

కలం పేరు సంగతీ, పుస్తకం వేసుకునే సంగతీ అడిగావు. తర్వాత చూద్దాం. కథ తిరగరాసి పంపు. దాంతోపాటు నీ కత్తి తెరిచి, కీలు దగ్గర, మంచి వెలుతురులో ఒక ఫొటో తీసి పంపు.