ట్యాక్స్ ఆఫీసు పెట్టాలంటే ముందు అడగడం రావాలి

ప్రశ్న: మాది పర్లాకిమిడి, ఆంధ్ర సరిహద్దులోని ఒడిశా ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ప్లస్ త్రీ కామర్స్ ఆఖరి ఏడాదిలో ఉన్నాను, ఇప్పటిదాకా 60 శాతం పైనే మార్కులు వస్తున్నాయి. సాయంత్రాలు ఊళ్లోనే ఒక ఆడిటర్ గారి దగ్గర ట్యాలీ ఎంట్రీలు, జీఎస్టీ రిటర్నులు చేస్తున్నాను. పని వచ్చేసిందనిపిస్తోంది. డిగ్రీ అవగానే సొంతంగా ఆఫీసు పెట్టుకోనా, సీఏకి వెళ్లనా? నాన్నకి కిరాణా కొట్టు ఉంది, ఇల్లు గడవడానికి నా జీతం అవసరం లేదు. ఇంకో సంగతి సార్, "పక్కాయనకి రిఫండ్ తెప్పించారట, మాకూ తెప్పించు" అని క్లయింట్లు అడుగుతుంటారు. వాళ్లకి ఏం చెప్పాలో తెలియడం లేదు.

జవాబు: అమ్మా, నువ్వు చివర్లో అడిగినదానికే ముందు జవాబు చెప్తాను. ఈ వృత్తిలో నువ్వు నిలబడతావా లేదా అన్నది అక్కడే తేలుతుంది.

రిఫండ్ ఎవరూ తెప్పించేది కాదు. జీతంలోనో బ్యాంకు వడ్డీలోనో టీడీఎస్ కింద ముందే పన్నుగా కోసింది, అసలు కట్టాల్సిన పన్ను కంటే ఎక్కువైతే ఆ తేడా వెనక్కి వస్తుంది. అంతే. పక్కాయనకి వచ్చిందంటే ఆయనకి ఎక్కువ కోసైనా ఉండాలి, లేదా ఆయన రిటర్నులో ఎవరో లేని ఇంటి అద్దె, ఇవ్వని విరాళం, కట్టని ఇన్సూరెన్సు రాసైనా ఉండాలి. రెండో రకం మన జిల్లాల్లో బాగా నడిచింది. ఉద్యోగుల దగ్గరికి వెళ్లి "వచ్చిన దాంట్లో ఇంత పర్సెంట్ నాకు" అని మాట్లాడుకునేవాళ్లు ఉన్నారు. 2025 జూలైలో ఆదాయపు పన్ను శాఖ ఇలాంటి దొంగ మినహాయింపుల మీద దేశమంతా 150 చోట్ల తనిఖీలు చేసింది. అందులో చాలావరకు రిటర్నులు నింపే ఏజెంట్ల ఆఫీసులే. ఆదాయాన్ని తప్పుగా చూపించినట్టు తేలితే, ఎగ్గొట్టిన పన్ను కాక దాని మీద 200 శాతం దాకా జరిమానా పడుతుంది. ఆ నోటీసు వచ్చేది రిటర్ను వేయించుకున్న ఉద్యోగి పేరు మీద, కట్టేది ఆయన. పర్సెంట్ తీసుకున్న మనిషి ఫోన్ ఎత్తడు.

అందుకే అలా అడిగినవాళ్లతో వాదించకు. "కాగితం చూపించండి మాస్టారూ, ఉన్నదంతా రాస్తాను" అను. కాగితం ఉంటే నిజంగానే రిఫండ్ వస్తుంది, నీకు మంచి పేరూ వస్తుంది. కాగితం లేదంటే ఆ మనిషిని వదులుకో. వదులుకున్నవాళ్లలో కొందరు నోటీసు పట్టుకుని మళ్లీ నీ దగ్గరికే వస్తారు. అప్పుడు వాళ్లకి దారి చూపించగలగాలి. తప్పు రాసిన రిటర్నును సరిచేసి పన్ను కట్టుకోవడానికి అప్‌డేటెడ్ రిటర్ను అని ఒకటి ఉంది. దాని గడువును 2025లో 48 నెలలకు పెంచారు. ఆలస్యమైన కొద్దీ అదనపు పన్ను పెరుగుతుంది. కొన్ని రకాల నోటీసులు వచ్చాక ఆ దారి మూసుకుపోతుంది కూడా.

ఇక "పని వచ్చేసింది" అన్న మాట. ట్యాలీలో ఎంట్రీ వేయడం, పోర్టల్లో అంకెలు నింపడం వచ్చేసింది, సంతోషమే. కానీ ఇప్పుడు పోర్టల్ చాలా వివరాలు తనంతట తానే నింపి పెడుతోంది. మన దగ్గరికి జనం వచ్చేది ఆ పెట్టెలో ఏం పడాలో తేల్చడానికి. అది తేలాలంటే అడగాలి. నేను మా బరంపురం ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి కంప్యూటర్ ఇవ్వను. ముందు కొన్నాళ్లు క్లయింటు ఎదురుగా కూర్చుని ప్రశ్నలు అడగమంటాను.

ఒక ఉదాహరణ చెప్తాను. ఒక మాస్టారు ఫారం 16, అంటే జీతం, అందులో కోసిన పన్ను చూపే కాగితం, పట్టుకుని వస్తారు. "జీతం ఒక్కటేనమ్మా, ఐదు నిమిషాల పని" అంటారు. నువ్వు ఐటీఆర్-1 అనే సాదా రిటర్ను ఫారం తెరుస్తావు. తెరిచే ముందు ఏఐఎస్ దించు. పాన్ నంబరు మీద ఎక్కడెక్కడ ఏం జరిగిందో బ్యాంకులు, రిజిస్ట్రార్లు శాఖకి పంపిన వివరాలు అందులో ఉంటాయి. దాన్ని ఆయన ముందు పెట్టి ఒక్కో లైనూ అడుగు. ఈ పాతపట్నం బ్యాంకు ఎఫ్‌డీ వడ్డీ మీదేనా? "అది మా ఆవిడ పేరు మీద వేశాను కదా" అంటారు. మొదటి పేరు ఎవరిదో బాండు చూడాలి. తర్వాత పొలం ఉందా అని అడుగు. మన వైపు పొలం లేని మాస్టారు అరుదు. కౌలుకిచ్చారా, సొంతంగా చేస్తున్నారా, ఏడాదికి ఎంత మిగులుతుంది? వ్యవసాయ ఆదాయం 5,000 దాటిందంటే దానికి పన్ను లేకపోయినా ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2కి వెళ్లాలి. ఐదు నిమిషాల పని అక్కడే అరగంట అయింది.

ఈ మధ్య ఏమైనా అమ్మారా అని అడగడం కూడా మరిచిపోకు. "ఆఁ, ఏరు దాటి పాతపట్నం వైపు అరెకరం అమ్మాను. పొలానికి ట్యాక్స్ లేదు కదా?" ఇది మన సరిహద్దు ఊళ్ల ప్రశ్న, జాగ్రత్తగా విను. పల్లె పొలం అమ్మితే మూలధన లాభం పన్ను లేదన్నది నిజమే. కానీ పదివేలు దాటి లక్షలోపు జనాభా ఉన్న మున్సిపాలిటీ హద్దు నుంచి రెండు కిలోమీటర్ల లోపల ఉన్న పొలం, చట్టం లెక్కలో పల్లె పొలం కాదు. దూరం రోడ్డు మీద కొలిచేది కాదు, గాల్లో సూటిగా కొలవాలి. పొలం ఏ రాష్ట్రంలో ఉంది, మున్సిపాలిటీ ఏ రాష్ట్రంలో ఉంది అన్న తేడా చట్టం చూడదు. పాతపట్నం పక్క పొలం కాగితాల మీద శ్రీకాకుళం జిల్లాలోదే, గ్రామ పంచాయతీదే. అయినా పర్లాకిమిడి మున్సిపాలిటీ హద్దు నుంచి మధ్యనున్న మహేంద్రతనయ ఏటి మీదుగా గీత గీస్తే రెండు కిలోమీటర్లలోపే పడొచ్చు. పడితే పన్ను లెక్క వేయాల్సిందే. పెద్ద మొత్తానికి రిజిస్ట్రేషన్ అయితే అది ఏఐఎస్‌లో ఎలాగూ వస్తుంది. తక్కువైతే రాకపోవచ్చు, కానీ అడగాల్సిన బాధ్యత మాత్రం నీదే.

ఇక్కడ నీకు ఒక బలం ఉంది, దాన్ని తక్కువ చేసుకోకు. అవతల పొలానికి అడంగల్, 1బీ అనే భూమి రికార్డులు తెలుగులో ఉంటాయి. ఇవతల పొలానికి పట్టా ఒడియాలో ఉంటుంది. భువనేశ్వర్‌లో పెద్ద ఆఫీసుకి వెళ్తే మొదటిది చదవలేరు, విశాఖపట్నంలో రెండోది చదవలేరు. రెండూ చదివి, ఆ రైతుకి ఇంటి భాషలో చెప్పగలిగేవాళ్లు గుణుపురం నుంచి ఇచ్ఛాపురం దాకా ఎంతమంది ఉన్నారో నువ్వే చూస్తున్నావు.

జీఎస్టీలో కూడా సరిహద్దు సంగతి చూసుకోవాలి. ఊరు దాటామని మనకి అనిపించదు, కానీ ఏరు దాటితే రాష్ట్రం మారింది. జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు చూడు. 21 అయితే ఒడిశా, 37 అయితే ఆంధ్ర. పర్లాకిమిడి హోల్‌సేల్ వ్యాపారి పాతపట్నం కొట్టు పేరున బిల్లు రాసి ఆటోలో సరుకు పంపితే అది అంతర్రాష్ట్ర అమ్మకం. రాష్ట్రాల మధ్య అమ్మకానికి ఉన్న ఐజీఎస్టీ వేయాలి, సరుకు 50,000 దాటితే ఈ-వే బిల్లు, అంటే రవాణాకి ఆన్‌లైన్లో తీసే పత్రం, ఉండాలి. అలవాటుకొద్దీ రాష్ట్రం లోపలి అమ్మకానికి వేసే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేసేస్తే ఒడిశా ఎస్‌జీఎస్టీ అవతలి కొట్టుకి క్రెడిట్‌గా, అంటే తను కట్టాల్సిన పన్నులో తగ్గింపుగా, రాదు. ఆయన గొడవ పెడతాడు. మనవాడేమో ఐజీఎస్టీ మళ్లీ కట్టి, ముందు కట్టినదానికి రిఫండ్ పెట్టుకోవాలి. దానికి వడ్డీ పడదు గానీ, డబ్బు అన్నాళ్లు ఇరుక్కుపోతుంది.

కాంపోజిషన్ అనే, టర్నోవర్ మీద కొద్ది శాతం కట్టే సులువు పద్ధతిలో ఉన్న చిన్న వ్యాపారికైతే ఇది ఇంకా ప్రమాదం. కాంపోజిషన్‌లో ఉండి వేరే రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు, కొనుక్కోవడం మాత్రం పర్వాలేదు. నలభై లక్షల లోపు టర్నోవరే కదా, రిజిస్ట్రేషన్ ఎందుకు అనేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. పన్ను పడే సరుకును అవతలి రాష్ట్రానికి అమ్మితే టర్నోవర్ ఎంతైనా సాధారణంగా రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. కొట్టుకి వచ్చి సంచీలో పట్టుకెళ్లే మనిషితో పేచీ లేదు. మీ నాన్నగారి కొట్టు సంగతి కూడా ఒకసారి చూడు.

క్లయింట్లతో మెలగడం గురించి కొన్ని మాటలు. ఇవి నేను పట్టుబట్టి చెప్తాను. పోర్టల్లో క్లయింటు సొంత ఫోన్ నంబరు, సొంత ఈమెయిల్ పెట్టు. ఓటీపీలకి సులువని తమ నంబరు పెట్టేసేవాళ్లు ఊరూరా ఉన్నారు. నోటీసు వస్తే క్లయింటుకి తెలియనే తెలియదు, ఆఫీసు వాళ్లు చూసుకోకపోతే గడువు దాటిపోతుంది. ఈమెయిల్ లేనివాళ్లకి అక్కడే తయారుచేసి, పాస్‌వర్డ్ వాళ్ల పుస్తకంలో వాళ్ల చేతే రాయించు. పన్ను డబ్బు ఎప్పుడూ నీ చేతికి తీసుకోకు. "నువ్వే కట్టేసెయ్ అమ్మా, నమ్మకం" అని నోట్లు టేబుల్ మీద పెడతారు. చలానా తయారుచేసి ఇచ్చి వాళ్ల ఖాతా నుంచే కట్టించు. నమ్మకం ఉన్నచోట ఇంకా గట్టిగా కట్టించు, చుట్టాలైతే మరీను.

రిటర్ను పంపే ముందు ఆదాయం ఎంత, పన్ను ఎంత, రిఫండ్ ఎంత, ఏ మినహాయింపు దేనికి తీసుకున్నాం అన్నది ఒక కాగితం మీద తెలుగులోనో ఒడియాలోనో రాసి సంతకం తీసుకో. ఈ-వెరిఫై, అంటే ఆ రిటర్ను తమదేనని క్లయింటు ఆన్‌లైన్లో ఖాయం చేయడం, 30 రోజుల్లో అవ్వాలి. ఫైల్ చేశాం కదా అని వదిలేసి ఆలస్య రుసుము పడినవాళ్లను చూస్తూనే ఉన్నాం. ఆ రుసుము 5,000 రూపాయలు, మొత్తం ఆదాయం 5 లక్షల లోపైతే వెయ్యి.

ఫీజు ముందే చెప్పు. రిటర్నుకి ఇంత, నోటీసుకి జవాబు రాయాల్సి వస్తే అది వేరు అని మొదటి రోజే చెప్పేయ్. రిఫండ్‌లో పర్సెంట్ మాత్రం ఎప్పుడూ ఒప్పుకోకు. సీఏలకైతే వాళ్ల చట్టమే అలాంటి ఫీజును నిషేధించింది. నువ్వు సీఏ కాకముందు కూడా అదే పాటించు.

ఇప్పుడు నీ దారి. ఆఫీసు ఇప్పుడే పెట్టకు. బీకాం డిగ్రీతో జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా నమోదు కావచ్చు, నాసిన్ అనే కేంద్ర పన్నుల శిక్షణ సంస్థ వాళ్లు పెట్టే పరీక్ష పాసవ్వాలి. అది గౌరవమైన దారే, ఆ దారిలో బాగా స్థిరపడినవాళ్లు నాకు తెలుసు. కానీ ట్యాక్స్ ఆడిట్, అంటే పన్ను కోసం చేసే వ్యాపారం లెక్కల తనిఖీ మీద సంతకం సీఏ ఒక్కరే పెట్టగలరు. టర్నోవర్ కోటి దాటితే సాధారణంగా ఆడిట్, నగదు రాబడి, నగదు చెల్లింపు రెండూ 5 శాతం మించకపోతేనే ఆ పరిమితి 10 కోట్లు. మన దగ్గర రైస్ మిల్లులు, జీడిపప్పు వ్యాపారులు, బరంపురం బంగారం కొట్లు, పట్టు చీరల కొట్లు నగదు మీదే నడుస్తాయి. నువ్వు పెంచి పెద్ద చేసిన క్లయింటు కోటి దాటిన రోజున, కాగితాలన్నీ కట్టగట్టి ఇంకొకరికి అప్పజెప్పాల్సి వస్తుంది.

నీ జీతం మీద ఇల్లు ఆధారపడలేదన్నావు. అది చాలామందికి దొరకని వెసులుబాటు, సీఏకి వాడుకో. కామర్స్ డిగ్రీలో 55 శాతం ఉంటే ఫౌండేషన్ అనే మొదటి పరీక్ష లేకుండా నేరుగా రెండో మెట్టయిన సీఏ ఇంటర్మీడియట్‌కి నమోదు కావచ్చు. ఎనిమిది నెలల చదువు, రెండు గ్రూపులు, ఆరు పేపర్లు. ప్రతి పేపర్లో 40, గ్రూపు మొత్తం మీద 50 శాతం రావాలి. రెండు గ్రూపులూ అయ్యాక ఒక సీఏ దగ్గర రెండేళ్ల శిక్షణ, అంటే ఆర్టికల్‌షిప్, అది ముగిశాక ఆరు నెలలకి ఫైనల్. ఎక్కడా తప్పకపోయినా మూడేళ్లు దాటుతుంది. తప్పడం మామూలే కాబట్టి ఐదేళ్లు అనుకునే దిగు. పరీక్ష ఇంగ్లీషులోనో హిందీలోనో రాయాలి. ఒడియా మీడియం నుంచి వచ్చావు గనుక రోజూ ఇంగ్లీషులో రెండు పేజీల జవాబు రాసే అలవాటు ఈ రోజే పెట్టుకో. లెక్కలు వచ్చి కూడా థియరీ పేపర్లలో ఆగిపోతున్నది ఎక్కువగా మనలాంటి ఊళ్ల పిల్లలే. మూడు సార్లు రాసినా ఒక్క గ్రూపూ రాకపోతే అక్కడ ఆగి జీఎస్టీ ప్రాక్టీషనర్ దారికి రా. చదివింది ఏదీ వృథా పోదు.

ఆర్టికల్‌షిప్‌కి పెద్ద నగరంలో పెద్ద ఫర్మ్ కోసం పరుగెత్తకు. అక్కడ ఏడాదంతా ఒకే కంపెనీ స్టాకు లెక్కపెట్టించవచ్చు. తిరిగి వచ్చి మన ఊళ్లో కూర్చోవాలనుకుంటే బరంపురంలోనో శ్రీకాకుళంలోనో చిన్న ఫర్మ్ మేలు. అక్కడ ఆడిట్, జీఎస్టీ, నోటీసులు, కోపంగా వచ్చిన క్లయింటు, అన్నీ చూస్తావు.

ఇంకో మంచి సంగతి. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం అమలు. 2025-26 ఆదాయానికి రిటర్ను పాత చట్టం ప్రకారమే, ఆ తర్వాతి ఆదాయానికి కొత్తది. సెక్షన్ నంబర్లన్నీ మారాయి. పాతికేళ్లుగా నోటికి వచ్చిన నంబర్లను మేమంతా మళ్లీ నేర్చుకోవాలి. నువ్వు మొదటి నుంచీ కొత్తదే నేర్చుకుంటావు.

డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్నవాళ్లకి ఇంటర్మీడియట్‌కి తాత్కాలిక నమోదు ఉంది. ఫలితాల కోసం ఆగకుండా ఇప్పుడే చేసుకుంటే ఆ ఎనిమిది నెలలు ఇప్పటి నుంచే లెక్కకొస్తాయి. ప్లస్ టూ మార్కుల జాబితాలో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉందో లేదో ముందు చూసుకో. మన ఇంటిపేర్లు ఒడియా బడిలో ఒకలా, ఆధార్‌లో ఇంకొకలా రాసి ఉండటం మామూలే. తేడా ఉంటే నమోదుకు ముందే సరిచేయించుకో.