హిప్‌హాప్ కళాకారుడు తన పాటలతో వేర్వేరు సంస్కృతుల వాళ్లని నిజంగా కలపగలడా?

"నేను ర్యాప్ రాస్తాను. వేరే భాషలవాళ్లతో కలిసి ఐక్యత మీద పాట చేయాలని ఉంది. ఇలాంటి పాటలతో మనుషులు దగ్గరవుతారా, లేక ఇది పోస్టర్ మీద మాత్రమే బాగుండే మాటా?" అని అడిగారు.

దగ్గరవుతారు. కాకపోతే ముందుగా దగ్గరయ్యేది పాట చేసేవాళ్లు. వినేవాళ్ల సంగతి ఆ తర్వాత. ఒక చెత్త పాట, ఒక ఫర్వాలేదనిపించే పాట చేశాక నాకు తెలిసిన సంగతి ఇది.

చెత్త పాట గురించి ముందు చెప్తాను. యూనివర్సిటీలో ఉండగా ముగ్గురం ఒక జట్టు కట్టాం. నాది తెలుగు, ఒకతనిది అరబిక్, ఇంకొకామెది స్పానిష్. ఏదో సాంస్కృతిక కార్యక్రమానికి పాట కావాలన్నారు. "మనమంతా ఒక్కటే" అనే అర్థం వచ్చేలా ఇంగ్లీషులో ఒక హుక్ (మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి) రాసుకున్నాం. ఎవరి వర్స్ (చరణం) వాళ్లు తమ గదిలోనే రికార్డు చేసి ఫైళ్లు పంపారు, మిక్సింగ్ నేను చేశాను. తీరా స్టేజీ ఎక్కాక, నా వర్స్‌కి తెలుగువాళ్లు ఈలలేశారు. అతని వర్స్‌కి అతని వాళ్లు, ఆమె వర్స్‌కి ఆమె వాళ్లు కేకలు పెట్టారు. హుక్ రాగానే అందరి తలలూ ఫోన్లలోకి వంగాయి. ఐక్యత గురించి పాడిన ముక్క దగ్గరే హాలంతా చల్లారిపోయింది! అంతకన్నా సిగ్గుపడాల్సిన విషయం ఇంకోటి ఉంది. పక్కన నిలబడి పాడినవాడు తన వర్స్‌లో ఏం చెప్పాడో నాకు తెలియదు. అడగాలని కూడా తోచలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకి నాకు ఇమ్మాన్యుయేల్ జాల్ అనే ర్యాపర్ పాటలు పరిచయమయ్యాయి. మీ ప్రశ్నకి ఆయన కథకన్నా దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు. దక్షిణ సూడాన్‌లో పుట్టాడు. 1983లో మొదలైన సూడాన్ అంతర్యుద్ధంలో, చిన్నపిల్లాడిగా ఉండగానే తిరుగుబాటు సైన్యంలో తుపాకీ పట్టాడు. ఎమ్మా మెక్యూన్ అనే బ్రిటిష్ సహాయ కార్యకర్త అతన్ని కెన్యాకి దాటించింది. సంగీతంలోకి అక్కడే వచ్చాడు. 2005లో ఆయన చేసిన 'సీజ్‌ఫైర్' ఆల్బమ్‌లో తోడుగా ఉన్నది ఎవరనుకున్నారు? అబ్దెల్ గాదిర్ సలీం. ఉత్తర సూడాన్ ముస్లిం, గాయకుడు, ఊద్ అనే తీగల వాయిద్యం వాయించేవాడు, వయసులో చాలా పెద్దవాడు. జాల్ దక్షిణాది క్రైస్తవుడు. ఇరవై రెండేళ్లు సాగి, సుమారు 20 లక్షల మంది ప్రాణాలు తీసిన యుద్ధంలో చెరో వైపుకి చెందిన మనుషులు. శాంతి ఒప్పందం మీద సంతకాలు జరిగింది కూడా ఆ 2005 జనవరిలోనే.

సలీం గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. 1994లో సూడాన్ నగరమైన ఒమ్దుర్మాన్‌లోని సంగీతకారుల క్లబ్బులో ఒకడు కత్తితో దాడి చేశాడు. గాయకుడు ఖోజలి ఒస్మాన్ చనిపోయాడు, సలీం గాయపడ్డాడు. పాట వల్ల ప్రాణం మీదికి వచ్చిన మనిషి, పదకొండేళ్ల తర్వాత ఒకప్పటి బాల సైనికుడితో కలిసి ఆల్బమ్ చేశాడు. అందులో ఒకరు ఇంకొకరిలా మారిపోలేదు. సలీం పాత పద్ధతి పాట ఆయనదే, జాల్ ర్యాప్ జాల్‌దే. భాషలు కూడా అరబిక్, ఇంగ్లీషు, స్వాహిలి, దక్షిణ సూడాన్ భాషలైన డింకా, నూయెర్. జాల్‌కి పేరు తెచ్చిన 'గువా' పాటలో ఆ మాటకి నూయెర్ భాషలో 'మంచి' అని, సూడాన్ అరబిక్‌లో 'బలం' అని అర్థం. ఒకే మాట, రెండు చెవుల్లో రెండు అర్థాలు. ఇది తెలిసిన రోజున మా ఇంగ్లీషు హుక్ గుర్తొచ్చి నాకే నవ్వొచ్చింది.

అప్పుడు మా జట్టుకి ఒక నియమం పెట్టుకున్నాం. ప్రతివాళ్లూ ఇంకొకరి భాషలో నాలుగు లైన్లు పాడాలి. అందరం ఒకే గదిలో కూర్చునే రాయాలి. బీట్ 90 బీపీఎం (నిమిషానికి 90 దెబ్బలు), ఒక్కొక్కరికి పదహారు బార్లు (నాలుగేసి దెబ్బల వరసలు), అంతే.

మొదటి రోజే నా పని అయిపోయింది. అరబిక్‌లో గుండెని 'ఖల్బ్' అంటారు, గొంతు లోపలి నుంచి పలకాలి. మామూలుగా 'కల్బ్' అంటే కుక్క. నేను ఎంతో భావంతో "నా గుండె నీ ముందు పెడుతున్నా" అని పాడాననుకుంటున్నాను, అతను నేల మీద పడి దొర్లుతున్నాడు. నేను కుక్కని పెట్టాను మరి. అతనికేమో 'ప' రాదు, అరబిక్‌లో ఆ శబ్దమే లేదు. "మన పాట" అనమంటే "మన బాట" అన్నాడు. నాలుగైదు సార్లు దిద్దాను. చివరికి ఆమె "అలాగే ఉంచేయండి, అదీ బాగుంది" అంది. రికార్డులో బాటే ఉంది. కుక్కని మాత్రం నేను దిద్దుకున్నాను.

ఈ నవ్వులాట మధ్యలో ఒక అసలు సంగతి దొరికింది. ఇంగ్లీషు ర్యాప్ ఊనిక మీద నడుస్తుంది, బీట్ పడే చోట మాటని నొక్కితే సరిపోతుంది. తెలుగులో నొక్కడానికి బదులు సాగదీస్తే అర్థమే మారిపోతుంది. 'పడు' వేరు, 'పాడు' వేరు. ఇన్నాళ్లూ ఇది నా ఒక్కడి తలనొప్పి అనుకున్నాను. అతను కాగితం మీద రాసి చూపించాడు: 'కతబ' అంటే రాశాడు, 'కాతబ' అంటే ఒకరితో ఉత్తరాలు నడిపాడు. అతనిదీ అదే అవస్థ! గురువు, లఘువు అంటే ఏమిటో చేత్తో తాళం వేసి చూపించాను, ఐదు నిమిషాల్లో పట్టేశాడు. అంతకు ముందు ఏడాదిపాటు "సోదరా" అని పిలుచుకున్నాం కానీ, మేమిద్దరం మాట్లాడుకోవడం మొదలైంది ఆ రాత్రే అంటాను. స్పానిష్‌లో అచ్చు సాగదీసినా అర్థం మారదు కాబట్టి ఆమె మా ఇద్దర్నీ చూసి జాలిపడింది.

గొడవ కూడా పడ్డాం. బీట్‌లో వెనక వినిపించడానికి నేను ఎక్కడో దొరికిన ఒక పవిత్ర గ్రంథ పఠనం ముక్కని కత్తిరించి డ్రమ్స్ మీద పెట్టాను. నాకు అది 'వాతావరణం'. అతను హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టేశాడు. ఆ పఠనం సంగీతం కాదు, డ్రమ్ కింద వేయకూడదు అన్నాడు. నేను మొండిగా "కళకి హద్దులేంటి" అని వాదించాను. రెండు వారాలు మాటల్లేవు. తప్పు నాదే. ఒకరి భక్తిని నేను రంగు పొడిలా వాడుకున్నాను. దాన్ని తీసేసి, ఏం పెట్టాలో నువ్వే చెప్పు అన్నాను. అతను తన ఫోన్‌లో ఉన్న వాన చప్పుడు ఇచ్చాడు.

ఇక "ఇదంతా హిప్‌హాప్‌లోనే ఎందుకు" అనేవాళ్లకి. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, 1971 డిసెంబరులో, గెట్టో బ్రదర్స్ అనే గ్యాంగు తరఫున శాంతి కుదర్చడానికి వెళ్లిన మనిషిని ఇంకో గ్యాంగువాళ్లు చంపేశారు. గెట్టో బ్రదర్స్ పగ తీర్చుకోకుండా హో అవెన్యూలో అన్ని గ్యాంగుల్నీ కూర్చోబెట్టి సంధి చేశారు. ఆ తర్వాతే నల్లజాతి, ప్యూర్టోరికో కుర్రాళ్లు ఒకరి వీధి పార్టీలకి ఒకరు వెళ్లగలిగారు. హిప్‌హాప్ పుట్టినరోజుగా చెప్పుకునే 1973 ఆగస్టు 11న, తన చెల్లెలు బడి బట్టల డబ్బుల కోసం పెట్టిన పార్టీలో రికార్డులు తిప్పిన డీజే కూల్ హెర్క్ జమైకా నుంచి వలస వచ్చినవాడు. కలగలుపు ఇందులోకి తర్వాత వచ్చింది కాదు, పుట్టుకలోనే ఉంది.

అయితే పాట యుద్ధాన్ని ఆపుతుందని మాత్రం నేను చెప్పను. దక్షిణ సూడాన్ 2011లో స్వతంత్ర దేశమైంది, 2013 డిసెంబరులో లోపల లోపలే మళ్లీ యుద్ధం మొదలైంది. జాల్ పాటలు అప్పటికే జనం నోళ్లలో ఉన్నాయి. పాట మీద అంత బరువు పెడితే అది విరిగిపోతుంది, పాడినవాడూ విరిగిపోతాడు.

మీరు మొదలుపెట్టేటప్పుడు ఒకటి రెండు చూసుకోండి. పాటలో ఎవరి వాటా ఎంతో మొదటి రోజే కాగితం మీద రాసి సంతకాలు పెట్టుకోండి. మేము పెట్టుకోలేదు, పేర్లు ఏ వరసలో వేయాలన్న దగ్గర అనవసరమైన టెన్షన్ పడ్డాం. హుక్‌ని ఆఖరున రాయండి. అవతలివాళ్ల వర్స్‌ని మీ నోటితో మీ అమ్మకి అర్థం చెప్పగలిగే దాకా రికార్డింగ్ పెట్టుకోకండి. రెండో పాటని మేము చిన్న గదిలో నలభై మంది ముందు పాడాం. నేను అరబిక్ లైన్లు అందుకోగానే వెనక వరసలో ఒక పెద్దాయన లేచి నిలబడి, 'ఖ' సరిగ్గా పలకమని గట్టిగా అరిచాడు.