పిల్లని కాదు, వాణ్ని ఓ కంట కనిపెట్టండి

ప్రశ్న: మేడమ్, మాది చైతన్యపురి. మా పాపకి పదహారేళ్లు, ఇంటర్ ఫస్టియర్. రెండు నెలల నుంచి ఒకడు బైక్ మీద బస్టాప్ నుంచి మా గల్లీ దాకా వెనకాలే వస్తున్నాడు, ఇన్‌స్టాలో బ్లాక్ చేస్తే ఇంకో ఐడీతో దిగుతున్నాడు. మొన్న మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు 'వీడెవడో గుర్తుపట్టండి' అని సీసీ కెమెరా క్లిప్ గ్రూపులో పెట్టారు, అందులో మా పాప మొహం క్లియర్‌గా కనిపిస్తోంది. ఇక లిఫ్టులో ఎవరు కలిసినా అదే మాట. మా అత్తగారేమో కాలేజీ మాన్పించి సూర్యాపేట పంపించెయ్యమంటున్నారు. ఏం చెయ్యమంటారు?
– ఒక అమ్మ

జవాబు: అమ్మా, ముందు ఆ క్లిప్ సంగతి చూడండి. ఆయన మంచికే పెట్టారు, కాదనను, కానీ వాడు దొరికాడో లేదో గానీ మీ పాప మాత్రం బిల్డింగ్ మొత్తానికి దొరికిపోయింది. గ్రూపులోంచి ఇవాళే తీయించండి. ఒరిజినల్ మాత్రం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించమనండి, కొన్నాళ్లకి కెమెరా రికార్డింగ్ మీద కొత్తది పడిపోతుంది, తర్వాత ఎంత ఏడ్చినా రాదు.

పద్దెనిమిది నిండని పిల్లని పదే పదే వెంటాడ్డం, ఫోన్లో వెంటపడ్డం, అది లైంగిక ఉద్దేశంతో అయితే, పిల్లల మీద లైంగిక నేరాలకి పెట్టిన 2012 నాటి పోక్సో చట్టం కిందకొస్తుంది, మూడేళ్ల దాకా జైలు. ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్‌లో కూడా స్టాకింగ్, అంటే ఇలా వెంటపడ్డం, నేరమే, ఒకసారి శిక్ష పడ్డవాడు మళ్లీ చేస్తే బెయిల్ హక్కుగా రాదు, శిక్ష ఐదేళ్ల దాకా. 'పోలీస్ స్టేషన్ అంటే పిల్ల బెదిరిపోతుంది' అనుకుంటారేమో, పోక్సోలో స్టేట్‌మెంట్ ఇంటికొచ్చే తీసుకోవాలి, లేదా పాప చెప్పిన చోట, వీలైనంతవరకు మహిళా ఎస్సై, అదీ యూనిఫాం లేకుండా. పిల్ల పేరు, ఫొటో, కాలేజీ మీడియాలో రాకూడదు కూడా. టీవీ వాళ్లకే కుదరనిది మన అపార్ట్‌మెంట్ గ్రూపుకి ఎలా కుదురుతుంది చెప్పండి.

హైదరాబాద్‌లో ఆడవాళ్లని వేధించేవాళ్లని పట్టుకోడానికి 2014 నుంచి షీ టీమ్స్ అని పోలీసు బృందాలు ఉన్నాయి, వాళ్లు మఫ్టీలో బస్టాపుల దగ్గర నిలబడి వీడియో తీసి మరీ పట్టుకుంటారు. కాబట్టి వాడొచ్చే టైమ్ మీకు తెలిస్తే సగం పనైనట్టే. ఇంట్లో పాల ప్యాకెట్ల లెక్క రాసే క్యాలెండర్ ఉంటుంది కదా, ఆ గడిలోనే తేదీ, టైమ్, బండి నంబరు రాయండి. మెసేజులు చూసి ఒళ్లు మండినా డిలీట్ కొట్టొద్దు, స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. అప్పటికప్పుడు భయమేస్తే 112, పిల్లల హెల్ప్‌లైన్ 1098.

ఇక కాలనీ వాళ్లు సాయం చేస్తామంటే పని ఉంది. గల్లీ మొదట్లో ఇస్త్రీ బండాయన, టిఫిన్ సెంటర్ ఆమె సాయంత్రం మొత్తం అక్కడే ఉంటారు. 'బండి ఆగితే నంబరు రాసి నాకు ఫోన్ చెయ్యండన్నా' అంటే చాలు, వాణ్ని పట్టుకుని కొట్టడం మాత్రం వద్దు, కేసు మీ మీదకే తిరుగుతుంది. పాపని ఎవరూ ఏం అడక్కూడదు. 'ఏమైందమ్మా' అని జాలిగా అడగడం కూడా పదోసారికి శిక్షే.

సూర్యాపేట మాట మీ అత్తగారికి మీరే నచ్చచెప్పండి. వాడు బైక్ మీద తిరుగుతుంటే పిల్ల ఎందుకు చదువు మానాలి? వాడికేమో రూటు మారదు, ఈమెకి ఊరే మారిపోతుందా! పోనీ పంపినా ఇన్‌స్టా సూర్యాపేటలో పనిచెయ్యదా?

ప్రశ్న: మా తమ్ముడికి 17. గేర్ బండి మీద ఒకమ్మాయి వెనక తిరుగుతున్నాడని వాళ్ల నాన్న మా ఇంటికొచ్చి అడిగారు. వీడేమో 'లవ్ అక్కా, ఒక్కసారి మాట్లాడితే ఒప్పుకుంటది' అంటున్నాడు.
– ఒక అక్క, కూకట్‌పల్లి

జవాబు: ఆ అమ్మాయి మాట్లాడలేదంటేనే జవాబు చెప్పేసిందని వాడికి చెప్పు. ఆయన స్టేషన్‌కి పోకుండా మీ ఇంటికి రావడం మీ అదృష్టం తల్లీ. కంప్లైంట్ అయితే అమ్మానాన్నల్ని కూర్చోబెట్టి కౌన్సెలింగ్ ఇస్తారు, కేసే అయితే మైనర్ల కేసులు చూసే జువెనైల్ బోర్డు దాకా పోవాల్సొస్తుంది. మీ నాన్నగారు వెళ్లి సారీ చెప్పి రావాలి, తమ్ముణ్ని తీసుకెళ్లొద్దు, అదీ వాడికి ఆమెని చూసే ఛాన్సే. ఇంకోటి, పదిహేడేళ్లోడికి గేర్ బండి ఎవరిచ్చారు? తాళం ఇవాళే లాక్కోండి.