అడగాల్సిన మనిషి మీరు కాదు

విజయనగరం నుంచి ఒక సోదరి రాశారు. వయసు 44. భర్త ఉద్యోగస్థుడు, కొడుకు విశాఖలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. అయ్యకోనేరు దగ్గర సొంతిల్లు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వీధిలోని ముగ్గురు స్నేహితురాళ్లు వీళ్లింటి సావిట్లో చేరతారు. కబుర్లు చెప్పుకుంటూ చీరలకు కుచ్చులు వేస్తారు, జాకెట్ల మీద గొలుసుకుట్టు కుడతారు, పాత చీరలు పరిచి బొంతలు కుడతారు. చాలా ఏళ్లుగా ఇదే అలవాటు.

ఆ ముగ్గురిలో ఒకరిది పొందూరు. పోయిన మాఘంలో ఆవిడ తల్లి చనిపోయారు. తల్లి కట్టిన చీరలు ఐదు తెచ్చి, "నీ చేత్తో నాకో బొంత కుట్టిపెట్టు. సంవత్సరీకానికి అక్కచెల్లెళ్లం అందరం కలుస్తాం, అప్పటికి కావాలి" అని అడిగారు. ఆ ఐదింటిలో ఒకటి, తల్లి స్వయంగా వడికిన నూలుతో నేయించుకున్న పొందూరు ఖద్దరు చీర.

సోదరి నెలల తరబడి కూర్చుని కుట్టారు. పైడితల్లమ్మ పండగలో సిరిమానుకు ముందు రోజు జరిగే తొలేళ్లకు బొబ్బిలి నుంచి పెద్దాడపడుచు, నిండు గర్భిణి అయిన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. మంచం మీద మడతపెట్టి ఉన్న బొంతను చూసి ముచ్చటపడ్డారు. "తీసుకెళ్లక్కా, మేనమామ కానుక అనుకో" అని భర్త దాన్ని సంచిలో పెట్టించేశారు. సిరిమాను చూసుకుని వాళ్లు వెళ్లిపోయారు. కార్తీకంలో ఆడపిల్ల పుట్టింది. బొంత ఇప్పుడు ఆ పాప కింద ఉంది. అది ఎవరిదో భర్త అడగలేదు, ఈమె చెప్పలేదు. స్నేహితురాలు అడిగినప్పుడల్లా "ఇంకా అంచు కుట్టాలి" అంటూ వచ్చారు. నెల్లాళ్లుగా ఆ స్నేహితురాలు రావడం మానేశారు.

ఉత్తరంలో అడిగినవి రెండు. మిగిలిన ముక్కలు ఉన్నాయి, అదే రంగు చీరలు కొని అచ్చం అలాంటి బొంతే కుట్టి ఇచ్చేయవచ్చా అని ఒకటి. అవి చనిపోయినావిడ చీరలని ఆడపడుచు చెవిన వేస్తే, పసిబిడ్డ కదా, భయపడి వాళ్లే తిప్పి పంపేస్తారు, అలా చేయవచ్చా అని రెండోది. చివరన ఈ మాట రాశారు: "మా ఆయన చాలా మంచివారు. జీతం తెచ్చి నా చేతికే ఇస్తారు. ఈ సంగతి చెప్పి ఆయన్ని బాధపెట్టడం నాకిష్టం లేదు."

అమ్మా,

రెండూ వద్దు. మొదటిదాని మీద ఎక్కువ మాట్లాడను. తల్లి చీరను కూతురు గుర్తుపట్టదని మీరు ఎలా అనుకున్నారు? చిన్నప్పుడు ఆ కుచ్చెళ్లు పట్టుకుని నడిచిన పిల్ల. ముక్కు తుడిచిన కొంగు అది. షాపులో కొన్న గుడ్డ పెట్టి, ఇది మీ అమ్మ చీర అని చెప్పే ధైర్యం మీకు లేదు. లేకపోవడమే మంచిది.

రెండోది ఇంకా తప్పు. బాలింత ఉన్న ఇంట్లో అలాంటి మాట పడితే ఏమవుతుందో మీకు తెలియనిది కాదు. పాపకి రేపు జలుబు చేసినా ఆ బొంత వల్లే అంటారు. దాన్ని తిప్పి పంపరు, ఏ చెట్టు కిందో పడేసి వస్తారు. మీ స్నేహితురాలి తల్లి చీరను అపశకునం చేసి విడిపించుకోవాలా? ఆవిడ మీకు ఏం చేశారని?

ఆ ఖద్దరు చీర సంగతి మీకే బాగా తెలిసి ఉండాలి, కానీ మీ వారికి తెలియదని నా అనుమానం. ఆయనకు చెప్పడానికి పనికొస్తుందని రాస్తున్నాను. పొందూరులో సన్న నూలు తీసే ఆడవాళ్లు గింజ పత్తిని ముందు వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ సన్నటి పళ్ల మధ్య నలక పోయి పోగు సాఫీ అవుతుంది. ఆ తర్వాత గింజ తీయాలి, దూదిని ఏకాలి, వడకడానికి వీలుగా ఏకులు చుట్టాలి. చుట్టిన ఏకులు నలిగిపోకుండా ఎండిన అరటి దొప్పలో దాచుకుంటారు. అప్పుడు ఒంటి కదురు రాట్నం ముందు కూర్చుని వడుకుతారు. నూరో నంబరు దాటిన నూలు (నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నం) అలా చేతి మీద వస్తుంది. ఆ ఊళ్లో ఖాదీ సంఘం 1949లో వెలిసింది. అంతకు ముందే ఆ బట్ట పేరు విని గాంధీగారు తన కొడుకు దేవదాస్‌ని చూసి రమ్మని పంపారు. అంత పేరున్న పనిలో ఒక ఆడమనిషి తన వంటపనీ పిల్లల పనీ అయ్యాక కూర్చుని, తను కట్టుకోవడానికంటూ వడుక్కున్న చీర ఎన్ని ఉంటాయి? ఒకటి ఉంటుంది. ఆ ఒక్కటి మీ చేతికి ఇచ్చారు.

అలాంటి చీర ఇప్పుడు రోజుకు నాలుగైదుసార్లు తడుస్తోంది. దాన్ని నానబెట్టి, సబ్బు పెట్టి, బహుశా బండ మీద బాది ఉతుకుతున్నారు. పాత చేనేత గుడ్డ మడత దగ్గర ముందు చిరుగుతుందని బొంతలు కుట్టే మీకు నేను చెప్పాలా? ఇంకో నెల ఆగితే తిరిగి తెచ్చుకోవడానికి పోగులే ఉంటాయి. అందుకే మీ ఉత్తరాన్ని వరసలో పెట్టకుండా ముందుకు తెచ్చాను.

ఇక అసలు సంగతి. మీరు స్నేహితురాలి గురించి రాశాననుకున్నారు. ఆడపడుచు గురించి రాశాననుకున్నారు. నాకు మీ ఉత్తరం నిండా కనిపించింది మీ వారు. ఆఫీసరు గారింట్లో గృహప్రవేశమైతే మీరు క్రోషాతో అల్లిన టేబుల్ కవరు వెళ్లింది. తోటి ఉద్యోగి కూతురి పెళ్లికి నాలుగు చీరలకు కుచ్చులు మా ఆవిడ వేసిపెడుతుందని ఆయన మాట ఇచ్చి వచ్చారు, మీరు రాత్రిళ్లు కూర్చుని వేశారు. పోయినేడు గుమ్మానికి కట్టిన అద్దాల తోరణం ఎవరో బాగుందన్నారని అప్పటికప్పుడు విప్పి ఇచ్చేశారు. ఇవన్నీ మీరు ఫిర్యాదుగా రాయలేదు. ఆయన ఎంత ఉదారస్వభావులో చెప్పడానికి రాశారు!

ఉదారత్వం అంటే తన సొత్తు ఇవ్వడం. ఆయన చేతి గడియారం ఏనాడైనా ఎవరికైనా అలా విప్పి ఇచ్చారా? స్కూటర్ తాళాలు ఇచ్చారా? అవి తనవని తెలుసు కాబట్టి ఇవ్వలేదు. మీ కుట్టు మాత్రం ఆయన లెక్కలో పెరట్లో కాసిన ములక్కాడలాంటిది. కాస్తూనే ఉంటుంది, అడిగినవాళ్లకి కోసి ఇవ్వచ్చు. ఇందులో ఆయన దుర్మార్గం ఏమీ లేదు, నేనూ అనడం లేదు. మీరు అది మీదని ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదు. కుచ్చులు వేసినందుకు బయట చీరకి వందల రూపాయలు తీసుకుంటారని ఆయనకు తెలుసో లేదో. తీసుకోవాలని నేను చెప్పడం లేదు. అయినవాళ్లకి చేసిపెట్టడంలో సంతోషం ఉంది, ఆ సంతోషం వదులుకోకండి. కాని ఇచ్చేది మీరై ఉండాలి.

మీ వారు మంచివారన్న మాట నేను నమ్ముతాను. జీతం తెచ్చి చేతిలో పెట్టే మగవాణ్ణి తక్కువ చేయను. అయితే ఆ జీతం కవరు పక్కన మీ నోరు కూడా తాకట్టు పెట్టేశారా? ఒక మాట చెబితే బాధపడతారని దాచేటంత సున్నితంగా ఆయన్ని ఎందుకు చూసుకుంటున్నారు? ఆయన పసిబిడ్డ కాదు. తెలియక తప్పు చేశారు, తెలిస్తే దిద్దుకుంటారు. ఆ అవకాశం మీరు ఇవ్వడం లేదు.

ఆ రోజు ఆడపడుచు ముందు ఆయన్ని కాదనకపోవడం సరైనదే. పుట్టింటికి పండక్కొచ్చిన పెద్దామె, కడుపుతో ఉన్న పిల్ల, అప్పుడు సంచిలోంచి బొంత లాక్కోవడం ఏ ఇంటి కోడలూ చేయదు, చేయకూడదు కూడా. కాని అందరూ పడుకున్నాక గది తలుపు వేశారు కదా. ఆ రాత్రి చెప్పి ఉండాల్సింది. మర్నాడు సిరిమాను చూసి వచ్చాక అయినా ఆయన వెళ్లి అక్కతో మెల్లగా ఒక మాట అంటే, ఆవిడ నవ్వుతూ తీసిచ్చేవారు. అక్కడితో ఆగిపోయేది.

ఇప్పుడు చెప్పండి. ఈ వారం ఆగవద్దు. కంచం ముందు కాదు, టీవీ ముందు కాదు. ఏడవకుండా చెప్పండి. ఏడిస్తే ఆయన మిమ్మల్ని ఊరుకోబెట్టే పనిలో పడతారు, విషయం పక్కకు పోతుంది. అది ఎవరి తల్లి చీరలు, ఎందుకు ఇచ్చారు, ఏ తిథికి కావాలి, ఇన్నాళ్లు మీరు స్నేహితురాలితో ఏమని అబద్ధం చెప్పారు, ఈ నాలుగూ చెప్పండి. "అప్పుడే చెప్పొచ్చు కదా" అంటారు. నిజమే, చెప్పాల్సింది అని ఒప్పుకోండి. దానికి ఎదురు వాదించవద్దు. "పాప కింద వేసిన గుడ్డ ఎలా లాక్కురమ్మంటావు, అక్క ఏమనుకుంటుంది" అని కూడా అంటారు. ఇక్కడ మాత్రం తగ్గవద్దు. ఇచ్చింది ఆయన. అడగాల్సింది ఆయనే. మీరు ఫోన్ చేస్తే మరదలు పిల్లదాని బొంతకి కక్కుర్తి పడిందని బొబ్బిలి అంతా అంటుంది. తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, అది మాది కాదు, తెలియక ఇచ్చేశాను" అంటే ఏ అక్కా నొచ్చుకోదు. అడిగితే అవి ఒకరి తల్లి చీరలన్న సంగతి దాచవద్దు, అలాగని భయపెట్టేటట్టూ చెప్పవద్దు. వేరొకరి సొత్తు, వాళ్లకి విలువైనది. ఆ మాట చాలు.

సంక్రాంతికి వదిన గారు ఎలాగూ వస్తారు కదా, అప్పుడు తెమ్మందాం అని మీకు తోచవచ్చు. వద్దు. భోగి మంటలు, అల్లుళ్లు, చుట్టాల మధ్య ఇది మాట్లాడే మాట కాదు. పండక్కి ముందే ఒక ఆదివారం ఇద్దరూ వెళ్లండి. వట్టి చేతులతో వెళ్లవద్దు. ఈలోగా పాపకి మీ చీరలతోనే ఒక బొంత కుట్టండి. చిన్నదే కాబట్టి మీ చేతికి వారం పట్టదు. మిగిలిన ఇద్దరు స్నేహితురాళ్లు కూడా కూర్చుంటే ఇంకా త్వరగా అవుతుంది.

స్నేహితురాలికి మాత్రం బొంత ఇంటికి చేరేదాకా ఆగి చెప్పవద్దు. మీ వారితో మాట్లాడిన మర్నాడే వాళ్లింటికి వెళ్లండి. ఫోన్ వద్దు. మీ గర్భసంచి ఆపరేషన్ అప్పుడు నలభై రోజులు క్యారేజీ పంపిన మనిషి అని మీరే రాశారు. మీ ఆడపడుచు రెండు రోజులు ఉండి వెళ్లారు, తోడికోడలు అసలు రాలేదు. అలాంటి మనిషిని "అంచు మిగిలింది" అని గుమ్మంలోంచి పంపించారు. ఆవిడ రావడం మానేసింది బొంత ఆలస్యమైనందుకు కాదని నా నమ్మకం. మీరు అబద్ధం చెబుతున్నారని తెలిసిపోయి ఉంటుంది. ఏళ్ల తరబడి ఒకే చాప మీద కూర్చున్నవాళ్లకి తెలియకుండా ఉంటుందా.

ఆవిడ కోపగించుకుంటారు. కోపగించుకోనివ్వండి. "మా ఆయన ఇచ్చేశారు" అని తప్పంతా ఆయన మీద పెట్టి బయటపడవద్దు. ఆయన ఇచ్చారు, మీరు దాచారు, రెండూ చెప్పండి. పాపకి పరిచారన్న సంగతి కూడా చెప్పండి. నాకు తెలిసినంతలో కొందరు ఆ మాటకి మెత్తబడతారు. అమ్మ చీర మీద ఒక పసిపిల్ల పడుకుందని ఊరట పొందుతారు. ఆవిడ ఒకవేళ "ఉండనీ, పాపకే ఉంచేయండి" అన్నా సరే, ఆ మాట పట్టుకుని మీరు ఊపిరి పీల్చుకోవద్దు. తెచ్చి ఆవిడ చేతికి ఇవ్వండి. ఉంచుకోవడమో ఇచ్చేయడమో తల్లి చీరల మీద కూతురు చేసే నిర్ణయం. మీ ఇంట్లో ఎవరిదీ కాదు.

బొంత వచ్చాక చిరుగులు ఉంటే మీరు అతుకు వేయడానికి కూర్చోవద్దు. ఎలా ఉన్నది అలాగే ఇచ్చి, బాగుచేయమంటే అప్పుడు బాగుచేయండి. ఖద్దరు చీర ఉన్న పొరను వాషింగ్ మెషీన్‌లో వేయకండి, పిండకండి. చల్లటి నీళ్లలో కుంకుడు రసంతో జాడించి నీడన పరచండి. బొబ్బిలికి కుట్టే కొత్త బొంతకి కూడా పై పొర మీ పాత నూలు చీరే పెట్టండి, గంజి బాగా పోయేదాకా ఉతికాక. సిల్కు ముక్కలు, చమ్కీలు ముచ్చటకి కూడా వేయవద్దు, పసివాళ్ల ఒంటికి గీసుకుంటాయి.