స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే

ప్రశ్న: మా బాబాయి మిర్చి యార్డులో హమాలీ. కూలి అడిగితే చెయ్యి విరగ్గొట్టారు. రెండుసార్లు స్టేషన్‌కు వెళ్తే 'రేపు రండి' అన్నారు. ఇక ఆశ వదులుకోవాల్సిందేనా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: వదలకండమ్మా, దారి ఇంకా చాలా ఉంది. ప్రభుత్వాసుపత్రిలో మెడికో లీగల్ కేసుగా, అంటే ఎవరో కొట్టిన దెబ్బ అని డాక్టరు రికార్డులో నమోదు చేసేలా, రాయించారా? లేకుంటే ఇవాళే వెళ్లండి, ఎక్స్‌రే భద్రంగా ఉంచుకోండి. ఎముక విరిగింది కాబట్టి పోలీసులు నేరుగా కేసు కట్టాల్సిన నేరమే ఇది. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (నేరాల కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) 173వ సెక్షన్ ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, ఎఫ్ఐఆర్ నకలు ఉచితం.

కాగితం ఒక్క పేజీ దాటనివ్వకండి. తేదీ, సమయం, చోటు, కొట్టినవారు, చూసినవారు, అంతే. పాత గొడవలన్నీ కలిపి రాస్తే అసలు దెబ్బ మరుగున పడిపోతుంది, చాలామంది నష్టపోయేది ఇక్కడే.

మళ్లీ తిప్పి పంపితే అదే కాగితాన్ని జిల్లా ఎస్పీకి పోస్టులో పంపి రసీదు భద్రపరచండి. అక్కడా కదలకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్ కోర్టుకు. ఆదాయం తక్కువైతే ఉచితంగా లాయర్‌ను జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఇస్తుంది, 15100కు ఫోన్ చేయండి.

పోలీసుల నిర్లక్ష్యంపై జాతీయ మానవ హక్కుల కమిషన్‌కూ రుసుము లేకుండా రాయొచ్చు, ఘటన జరిగిన ఏడాదిలోపే.